రిజిస్టర్‌లో లేని హైమావతి

కనకాంబరం చచ్చిపోయిన సంగతి ఆవిడ మొగుడికన్నా ముందు సలోమి ఫోనుకి తెలిసింది.

మంగళవారం పదకొండు గంటలవేళ సలోమి క్లినిక్‌లో తన గదిలో కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటోంది. ఫోను బుర్రుమంది. "కనకాంబరం. ఎడమ, కుడి. నాడి అందడం లేదు." అంతే సందేశం. రెండుసార్లు చదివింది. పగులు హెచ్చరికలు ఆమెకి తెలుసు, ఎర్ర అక్షరాల్లో వస్తాయి. ఇది నల్ల అక్షరాల్లో ఉంది. ఇలాంటిదొకటి ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కాఫీ అక్కడే వదిలేసి డాక్టరు శశిభూషణ్ గదిలోకి వెళ్లి ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని చూశాడు.

"సెన్సారు పోయుంటుంది సిస్టర్."

"రెండూ ఒకేసారా సార్?"

"పోతే పోతాయి. కాఫీ చల్లారిపోద్ది, వెళ్లి తాగండి."

సలోమి వెళ్లి తాగింది. ఆ రోజు ఆమె చేసిన పని అదొక్కటే. తరవాత తనని తాను తిట్టుకున్నప్పుడల్లా ముందుగా గుర్తొచ్చింది ఆ కాఫీయే.

విజయవాడ మొగల్రాజపురంలో ఉన్న సౌష్ఠవ కాస్మెటిక్ సర్జరీ సెంటరుకి ఒక పద్ధతుంది. రొమ్ములకి ఆపరేషన్ చేయించుకునే ఆడవాళ్లు అసలు పేరుతో రారు. అత్తగారికి తెలియకూడదు, ఆఫీసులో తెలియకూడదు, కొందరి విషయంలో మొగుడిక్కూడా తెలియకూడదు. ఊరెళ్తున్నామని చెప్పి వారం రోజులు మాయమై వస్తారు. అందుకని క్లినిక్ ఒక్కొక్కరికీ ఒక పువ్వు పేరు పెట్టింది. మల్లె, సంపెంగ, కనకాంబరం, నందివర్ధనం. ఎనభై ఆరుగురయ్యేసరికి పువ్వులు చాలక ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు అని విడగొట్టాల్సి వచ్చింది. కార్డుమీద పేరు ఉండదు, పువ్వు బొమ్మ ఉంటుంది. ఫోను నెంబర్లు రాసుకోరు. వాళ్లే చేస్తారు, అదీ నెంబరు కనబడని పాత ఫోనుకి. బయట ఎక్కడైనా ఎదురుపడితే సలోమి తల తిప్పుకుని వెళ్లిపోవాలి. ఈ ఏర్పాటంతా చేసింది సలోమే. దీన్ని చూసుకుని మురిసిపోయింది కూడా.

ఊష్మ వచ్చాక ఈ పద్ధతికి ఇంకో ముడి పడింది. ఊష్మ అంటే కొత్తరకం ఇంప్లాంటు. దాని పొర పగిలితే అది మనిషి ఫోనుకి హెచ్చరిక పంపుతుంది. ఇంట్లో అందరూ అన్నం తింటుండగా అలాంటిది టింగుమంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని ఎనభై ఆరుగురి హెచ్చరికలూ ఒకే నెంబరుకి వచ్చేలా పెట్టారు. ఆ నెంబరు సలోమిది. ఆ మనిషి ఎక్కడుందో ఊష్మ చెప్పదు, చెప్పకుండా ఉండాలనే ఆ భాగం తీసేయించారు.

ఊష్మ గొప్పతనం మాటల్లో చెప్తే ఎవరికీ ఎక్కేది కాదు. సలోమి ఎక్కించేది. నమూనా ఒకటి వచ్చినావిడ అరచేతిలో పెట్టేది. మొదట చల్లగా, గట్టిగా ఉండేది. ఒంటి వేడి తగిలిన కొద్దీ మెత్తబడేది. నిమిషం గడిచాక ఆవిడ ఉలిక్కిపడి, "ఇది కొట్టుకుంటుందేంటి!" అనేది. "మీ నాడే అమ్మా. పట్టుకుంది," అనేది సలోమి. జెల్లులో ఇసుకకన్నా సన్నటి రేణువులున్నాయి. వేడి వాటికి తిండి, దగ్గర్లో ఉన్న నాడిని వెతుక్కుని దాంతోపాటు ఆడటం వాటి పని. అందుకే ఊష్మ ఒంట్లో పరాయిగా ఉండదు. అప్పటికీ ఆవిడ తటపటాయిస్తుంటే సలోమి లేచి తలుపు గడియ వేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని తన గుండెమీద పెట్టుకునేది.

"నాకు క్యాన్సరొచ్చి రెండూ తీసేశారమ్మా. ఇవి సార్ పెట్టారు. ఏమైనా తేడా తెలుస్తుందా?"

తెలిసేది కాదు. ఆ తరవాత ఒప్పుకోని మనిషి లేదు. సలోమి మొదటి ఊష్మ, పువ్వు పేరు మందారం. డాక్టరుగారు ఉచితంగా పెట్టాడు. ఉచితంగా ఎందుకు పెట్టాడో ఆమెకి అప్పుడే అర్థమై ఉండాల్సింది.

నెల కిందట టీవీల్లో గోల మొదలైంది. వేరే రాష్ట్రంలో ఇద్దరు పోయారని, ఊష్మ పొర పగులుతోందని, బయటపడ్డ రేణువులు గుండె చుట్టూ చేరుతున్నాయని. నాడిని వెతుక్కోమని నేర్పితే అవి వెతుక్కుంటూ అసలు చోటికే పోయాయన్నమాట. క్లినిక్‌కి ఫోన్లు వరదలా వచ్చాయి. సలోమి అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "నా ఫోనుకి నిజమైన హెచ్చరిక ఒక్కటి రాలేదమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి."

కనకాంబరం కూడా రెండు వారాల కిందట చేసింది. "సిస్టర్, మిషను తొక్కుతుంటే లోపల ఇంకెవరో నా వెనకే తొక్కుతున్నట్టుందండి."

"టీవీ చూడటం మానెయ్యండి కనకాంబరంగారూ," అని నవ్వింది సలోమి.

*

శుక్రవారం ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, పాలిటెక్నిక్ కాలేజీలో లెక్చరర్‌నన్నాడు, పేరు వీరభద్రం. గడ్డం గీసుకోలేదు. చేతిలో ఒక ఫొటో, ఒక కార్డు. కార్డుమీద నారింజరంగు పువ్వు బొమ్మ.

"మా ఆవిడ హైమావతి అండి. పటమటలో జాకెట్లు కుడుతుంది. కుట్టేది. మంగళవారం నేను కాలేజీలో ఉండగా మిషను మీదే ఒరిగిపోయింది. గుండెపోటన్నారు. ముప్పై తొమ్మిదేళ్లకి గుండెపోటేంటండీ? మిషను సొరుగులో ఈ కార్డు దొరికింది. ఇక్కడికి ఎందుకొచ్చిందో చెప్పండి."

సలోమి ఫొటో వంక చూడకుండా ఉండటానికి గోడ గడియారం వంక చూసింది. శశిభూషణ్ మాత్రం ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు. కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పాడు. హైమావతి అని ఆయన చేతే కొట్టించాడు.

"చూశారుగా. ఆ పేరుగల పేషెంటు మా రిజిస్టర్‌లో ఎవరూ లేరు."

"మరి ఈ కార్డు?"

"ప్రచారం కోసం వందల కార్డులు పంచుతాం. అబద్ధం చెప్పాల్సిన ఖర్మ నాకేంటండీ?"

అబద్ధం కాదు మరి. అక్షరం పొల్లుపోని నిజం. ఆ నిజాన్ని తయారుచేసిపెట్టింది సలోమే.

వీరభద్రం ఆమె వైపు తిరిగాడు. "మీరెప్పుడైనా చూశారా మేడమ్?"

హైమావతి చెయ్యి సన్నగా, సూదిపోట్లతో గరుగ్గా ఉండేది. అది తన గుండెమీద ఆనిన చోటు సలోమికి ఇంకా తెలుస్తోంది.

"లేదండి," అంది.

ఆయన ఫొటో జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, "అందరికీ కుట్టేది గానీ తనకి మాత్రం ఏ జాకెట్టూ కుదరలేదని ఏడ్చేదండి. పోయిన ఏడాది నుంచి ఏడవటం మానేసింది. నేను ఎందుకని అడగలేదు," అన్నాడు. వెళ్లిపోయాడు.

*

ఆదివారం పొద్దున గుణదలలో ఇంట్లో సలోమి చర్చికి తయారవుతోంది. కూతురు ప్రిసిల్లా నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్షలని స్టెతస్కోపు మెళ్లో వేసుకుని ఇంట్లో కనబడిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి వింటోంది. పక్కింటి మామ్మగారయ్యాక తల్లి వంతు వచ్చింది.

"అమ్మా, కదలకు. మాట్లాడకు."

"టైమవుతుందే."

"ఉండమంటున్నానా!" ప్రిసిల్లా మొహంలో నవ్వు పోయింది. స్టెతస్కోపు కొంచెం జరిపి మళ్లీ విన్నది. "రెండు చప్పుళ్లు రావాలి కదా. నీకు మూడోది వస్తోంది. కొంచెం ఆగి, వెనకాల. ఎవరో వెక్కిరిస్తున్నట్టుందమ్మా."

సలోమి స్టెతస్కోపు లాక్కుని చెవుల్లో పెట్టుకుంది. నిజమే. గుండె ఒక మాట అంటోంది, దాన్ని ఇంకేదో తిరిగి అంటోంది. హైమావతి చెప్పింది ఇదే. నవ్వి ఫోను పెట్టేసింది తను.

పగిలింది. మరి హెచ్చరిక ఏది? ఫోను తీసి పాత సందేశాలన్నీ వెనక్కి తోసి చూసింది. నెలకి ఒకటో రెండో తప్పుడు హెచ్చరికలు వస్తూ ఉండేవి. మూడు వారాలుగా అవీ లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. వచ్చింది కనకాంబరం నాడి ఆగిపోయినప్పుడే.

ఆ రోజు సలోమి చర్చికి వెళ్లలేదు.

*

సోమవారం శశిభూషణ్ ఏదో కాగితం మీద సంతకం పెడుతుండగా ఆమె తలుపు తట్టకుండా లోపలికి వెళ్లింది.

"పగులు హెచ్చరికలు ఎప్పుడు ఆపించారు సార్?"

ఆయన తలెత్తలేదు. "నేను ఆపలేదు. కంపెనీవాళ్లు మార్చారు. జనం ఊరికే బెదిరిపోతున్నారని."

"నాడి ఆగితే వచ్చేదాన్ని ఆపడం మరిచిపోయారు."

అప్పుడు చూశాడు. "కూర్చోండి సిస్టర్."

"కూర్చోను. నాది పగిలింది. విన్నాను. ఇంకా ఎందరివి పగిలాయో మనకి తెలియదు. ఆపరేషన్ ముందు అసలు పేరు, చిరునామా రాసి సంతకాలు పెట్టిన కాగితాలు మీ బీరువాలో ఉన్నాయి కదా, ఇవ్వండి. ఒక్కొక్కరింటికీ నేనే వెళ్తాను."

"ఏ కాగితాలు?"

ఆయన కళ్లు మూలకి వెళ్లాయి. అక్కడ కాగితాలు ముక్కలు చేసే యంత్రం, పక్కన మూతికట్టిన నల్ల సంచులు మూడు. పోయిన వారమంతా ఆ యంత్రం ఎందుకు గురగురమందో సలోమికి అప్పుడు వెలిగింది.

"మీరు డాక్టరేనా?" అంది.

"నోరు జాగ్రత్త. క్యాన్సరొచ్చి, మొగుడు వదిలేసి, అద్దంలో మొహం చూసుకోలేక ఏడుస్తుంటే మిమ్మల్ని మనిషిని చేసింది ఎవరు? మీ ఒంటిమీద సగం నా చేతి పనే."

"అందుకే సార్, వెనక్కి తీసుకోమంటున్నా. నాదీ, వాళ్లందరిదీ."

ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆయనతో ప్రమాదం. "మీకు బుధవారం తీసేస్తాను. మీకొక్కరికే. గుండె డాక్టర్ని కూడా పిలిపిస్తాను. మిగతావాళ్లకి ఏమైనా అయితే వాళ్లే వస్తారు. రేపు పదకొండింటికి టీవీవాళ్లు లైవ్‌కి వస్తున్నారు. మీరు పక్కన నిలబడి, నాకూ ఊష్మే ఉంది, హాయిగా ఉన్నాను అని చెప్పాలి. మీ ఊష్మకి పిలుపు పంపి చూపిద్దాం. అంతే."

పిలుపు అంటే ఆర్నెల్లకోసారి పరీక్షలో చేసే పనే. సలోమి టాబ్లెట్లో పువ్వు పేరు నొక్కగానే ఎక్కడున్నా ఆ మనిషి గుండెలమీద ఊష్మ మూడుసార్లు అదురుతుంది. బాగానే ఉన్నానని జవాబిస్తుంది. ఎప్పుడు పరీక్షించినా ఒక్క పేరే నొక్కేది. ఆ జాబితా అడుగున 'అందరికీ' అని ఇంకో మీట ఉంది. ఇన్నేళ్లలో దాని అవసరం రాలేదు.

"వస్తాను సార్," అంది సలోమి.

బుధవారం ఆపరేషన్‌కి ఆశపడి దారికొచ్చిందనుకున్నాడు. తెరిపినపడి చేతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

*

మంగళవారం ఎనిమిదింటికే సలోమి కూతుర్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వచ్చి పరీక్షగది తలుపు వేసింది. మంచంమీద పడుకుని ఈసీజీ తీగలు తనే అంటించుకుంది. టాబ్లెట్లో మూడు అదుర్లని ఒక్క అదురుకి తగ్గించింది.

ప్రిసిల్లాకి అప్పుడు అర్థమైంది. "నీ పొర పగిలింది కదమ్మా. పిలుపు పంపితే గుండె చుట్టూ ఉన్నవి కూడా అదురుతాయి కదా."

"అదురుతాయి."

"అదిరి గుండె ఆగిపోతే?"

"ఆగితే వాళ్లకి పంపకూడదని తెలుస్తుంది."

"నీకేమైనా పిచ్చా? నేనేం కావాలి?" పిల్ల టాబ్లెట్ లాక్కోబోయింది. సలోమి దాన్ని గుండెకి హత్తుకుని, "ఎనభై ఆరుమంది నా మాట నమ్మారు. నా ఒళ్లు చూసి నమ్మారు. నీ చెయ్యి నా నాడిమీద పెట్టు. మిషను వంక చూడు, నా వంక చూడకు," అంది. మందారం అన్న పేరు నొక్కింది.

గుండెని ఎవరో పట్టుకుని పిండినట్టయింది. కాగితం మీద గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది. గది చీకటైంది. ఎక్కడో దూరంగా ప్రిసిల్లా అంకెలు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో అంకె దగ్గర గీత దారిలో పడింది. వెనకాల మూడో చప్పుడు అలాగే ఉంది.

కాసేపటికి సలోమి లేచి కూర్చుంది. ఒక్క అదురుకి తను బతికింది. అందరూ బతుకుతారని ఏమీ లేదు, ఆ సంగతీ ఆమెకి తెలుసు. పంపకపోతే ఏమవుతుందో హైమావతి చెప్పింది. వట్టి మాటలకి వాళ్లు కదలరు, నిశ్చింతగా ఉండమని చెప్పింది తనే. తెలిసిన పెద్దాసుపత్రి గుండె డాక్టరుకి ఫోను చేసి, మధ్యాహ్నానికి ఎన్ని మంచాలు ఖాళీగా ఉంటే అన్నీ కావాలంది.

పదకొండింటికి హాల్లో ఏడు కెమెరాలు. శశిభూషణ్ తెల్లకోటు వేసుకుని, చిరునవ్వు పెట్టుకుని మాట్లాడాడు. మా క్లినిక్‌లో ఒక్క పేషెంటు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేదన్నాడు. ఈ మూడు వారాల్లో ఒక్క పగులు హెచ్చరిక కూడా నమోదు కాలేదన్నాడు. రెండూ నిజాలే. ఆయన దగ్గర నిజాలకి కరువులేదు.

"మా సిస్టరు సలోమిగారే సాక్ష్యం. ఇప్పుడు మీ కళ్లముందే చూపిస్తారు."

సలోమి టాబ్లెట్ తీసుకుంది. జాబితా అడుగుకి వెళ్లి, తన పేరూ అందులో ఉందని తెలిసే, 'అందరికీ' నొక్కింది. ఈసారి పిడికిలి బల్లకి ఆనించి నిలదొక్కుకుంది. ఊపిరి అందగానే కెమెరాల వంక చూసింది.

"ఇప్పుడు గుండెలమీద ఒక్కసారి అదిరిందే, మీకే చెప్తున్నాను. పంపింది నేనే. మీకు పువ్వు పేర్లు పెట్టిన సలోమిని. నా ఫోనుకి హెచ్చరికలు రాలేదని చెప్పాను. రాకుండా ఆపేశారు. నాది పగిలింది. హైమావతి అనే ఆవిడ పోయింది, ఆవిడ ఇక్కడి పేషెంటే, ఆవిణ్ణి చూడలేదన్నాను. ఎవరేమనుకున్నా సరే, ఇప్పుడే పెద్దాసుపత్రికి రండి."

శశిభూషణ్ మైకు లాగేశాడు. "ఈవిడకి మతి చలించింది," అన్నాడు. ఆయన చెయ్యి ఆమె భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఏడు కెమెరాల్లోనూ కనబడింది.

*

పెద్దాసుపత్రి అవుట్‌పేషెంటు హాల్లో ఒక బల్ల వేశారు. సలోమి ఛాతీకి తీగలు అంటించుకునే దాని వెనక కూర్చుంది. పక్క కుర్చీ లాక్కుని ఎవరో కూర్చున్నారు. చూస్తే వీరభద్రం. చేతిలో పొడుగాటి నోటుబుక్కు.

సలోమికి మొహం చెల్లలేదు. "సార్, ఆ రోజు నేను…"

"మీతో మాట్లాడటానికి రాలేదు. రాయటానికొచ్చాను. ఈసారి రిజిస్టర్‌లో లేరని ఎవరూ అనకుండా పేర్లు నా దగ్గరుంటాయి." ఆయన మొదటి గీతమీద హైమావతి అని రాసి, కింద గీత కొట్టాడు.

పన్నెండు దాటాక రావడం మొదలుపెట్టారు. మొదటగా వచ్చిన తెల్ల గన్నేరు సలోమి చెంప పగలగొట్టింది. "ఇంట్లో పూజ జరుగుతుంటే మా ఆడబిడ్డ పక్కన కూర్చుని కెవ్వున అరిచాను. ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఏమని చెప్పుకోవాలే నేను?" నందివర్ధనం మొగుడితో వచ్చింది, ఆయన ఆవిడతో మాట్లాడటం లేదు. మల్లె వచ్చి సలోమి కాళ్లదగ్గర ఉమ్మేసి లైన్లో నిలబడింది. సలోమి ప్రతివాళ్లనీ ఒకటే అడిగింది, అసలు పేరు. వాళ్లు చుట్టూ చూసి గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. వీరభద్రం వినబడలేదనేవాడు. మళ్లీ చెప్పేవాళ్లు, ఈసారి గట్టిగా.

సాయంత్రం నాలుగింటికి సంపెంగ వచ్చింది. బ్యాంకు మేనేజరు. మెడలో బ్యాంకు గుర్తింపు కార్డు తిరగేసి వేసుకుంది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి సలోమి చెయ్యి గుంజి తన గుండెమీద అదిమింది.

"చూడు. ఆ రోజు గడియ వేసి నా చెయ్యి నీ గుండెమీద పెట్టుకున్నావు గదా. తేడా తెలుస్తుందా అన్నావు. ఇప్పుడు నాది చూసి నువ్వు చెప్పు. తెలుస్తుందా?"

సలోమి అరచేతికింద గుండె కొట్టుకుంది. దాని వెనకే, కొంచెం ఆలస్యంగా, ఇంకోటి.

"తెలుస్తోందమ్మా," అంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఏడుపు ఆగలేదు. "పేరు చెప్పండి."

ఆవిడ మెడలో కార్డు ముందుకి తిప్పుకుంది. హాలంతా వినబడేలా, "సుభాషిణి. కొమ్మారెడ్డి సుభాషిణి," అంది.

వీరభద్రం రాశాడు. హైమావతితో కలిపి అది డెబ్బై రెండో పేరు.